మ్యూజియం వెనక తలుపు ఒక్క సాయంత్రం తెరవమందాం

 

పోస్ట్ కొంచెం పెద్దగుంటది, ఓపిక చేసుకొని చదవండి. మ్యూజియం గురించి అనంగనే "నోటిఫికేషన్లు లేవు, స్కాలర్‌షిప్‌లు పడలేదు, ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకు" అని కొందరు అంటారు. పోయిన నెల దాకా మేమూ అట్లనే అనేటోళ్లం.

పోయిన నెల మేం ఆరుగురం పటాన్‌చెరు నుంచి సిటీలో ఒక మ్యూజియానికి పోయాం. మాలో ఇద్దరు ఐటీఐ, ఒకరు డిగ్రీ, ముగ్గురం కంపెనీల్లో చేస్తున్నాం. ఆరుగురికీ కుదిరే రోజు దొరకడానికే మూడు వారాలు పట్టింది. మ్యూజియాలు ఎక్కువ శాతం పొద్దున పదింటికి తెరిచి సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. జనరల్ షిఫ్ట్ విడిచేది కూడా ఇంచుమించు ఆ టైంకే. ఏ షిఫ్ట్ వాళ్లు రెండింటికి గేటు బయటికొచ్చి, రూముకు పోయి స్నానం చేసి, ఇంత తిని బస్సెక్కితే అక్కడికి చేరేసరికి నాలుగు దాటుతుంది. మేం చేరింది నాలుగుంబావుకు. టికెట్ ఇచ్చేటాయన "ముప్పావు గంటే ఉంది, జల్దీ చూసుకోండి" అన్నాడు.

గిరిజనుల గ్యాలరీలో లంబాడీ ఆడమనిషి బొమ్మ ఉంది. ఫేటియా, కాంచళి, టుక్రి అన్నీ తొడిగారు. చెంపల పక్కన ఘూగ్రీలు వేలాడుతున్నాయి. కానీ మోచేతి పైన బలియాలు లేవు. మా దిక్కు తండాల్లో ఘూగ్రీలు పెళ్లయిన ఆడమనిషి పెట్టుకుంటది, పైచేతి గాజులూ అంతే. మొగుడు పోతే రెండూ తీసేస్తారు. మాలో ఒకడు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఈమెకు మొగుడున్నడా, లేడా?" అన్నాడు. మేం నవ్వాం. తర్వాత నవ్వు రాలేదు. కింద కార్డు మీద "లంబాడీ స్త్రీ" అని రాసుంది, అంతే. కుట్టింది ఎవరు, ఏ తండా, ఏ సంవత్సరం, ఏమీ లేదు.

అక్కడ డ్యూటీలో ఉన్న ఒక పెద్దమనిషి మా మాటలు విన్నాడు. ఏ ఊరు బాబూ అని అడిగాడు. నారాయణఖేడ్ దిక్కు తండాలు సార్, ఇప్పుడు ఇస్నాపూర్‌లో ఉంటున్నం అన్నాం. మూసే టైం అయింది. జనం పోయాక, లోపల ఉన్న ఒక మేడంతో మాట్లాడి, మమ్మల్ని పది నిమిషాలు వెనక గదికి తీసుకుపోయాడు. ఆ ఇద్దరికీ మా మీద జాలో అభిమానమో తెలియదు గానీ, వాళ్లకు ఇబ్బంది రావొద్దని మ్యూజియం పేరు రాయడం లేదు. ఇది ఒక్క మ్యూజియం ముచ్చట కూడా కాదు.

వెనక గదిలో ఏముంది? ఇనుప రాకులు, వాటి మీద అట్టపెట్టెలు, తెల్ల కాగితంలో చుట్టిన బట్టలు. కిటికీలు లేవు, లైటు మసకగా ఉంది. బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు పడొద్దంట. ఎక్కువైతే రంగు పోతదని, ఒకసారి పోయిన రంగు మళ్లీ రాదని ఆ మేడం చెప్పింది. చేతులు కడుక్కొని, తుడుచుకొని, ముట్టకుండా చూడమంది. ఒక పెట్టెలో ఇంకో ఫేటియా ఉంది. దాని నంబర్ చూసి రిజిస్టర్ తీసింది. అందులో ఇట్లా ఉంది: వస్తువు, అద్దాల పని చేసిన లంబాడీ స్కర్ట్. స్థలం, మెదక్ జిల్లా. ఎవరి దగ్గర కొన్నది, వ్యాపారి. చేసినవారు, తెలియదు.

మెదక్ జిల్లా. జిల్లాలు విడిపోకముందు సంగారెడ్డి, నారాయణఖేడ్ అన్నీ అదే. అంటే ఆ ఫేటియా మా పక్క తండాదే కావచ్చు, మా తండాదే కావచ్చు.

మాలో ఒకడి తల్లి ఇంకా కుడుతుంది. వాడు మేడంను అడిగి తల్లికి వీడియో కాల్ చేశాడు. ఆమె ఒక కంపెనీలో ప్యాకింగ్‌లో చేస్తుంది. అప్పుడే డ్యూటీ దిగి, తలకు టోపీ కూడా తీయకుండా రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో ఆ ఫేటియాను చూసింది. ముందు నడుం పట్టీ చూపించమంది. తర్వాత తిప్పి లోపలి వైపు చూపించమంది. మేడం జాగ్రత్తగా అంచు ఎత్తి చూపించింది. ఆమె గోర్ బోలిలో ఏవో నాలుగు కుట్ల పేర్లు చెప్పి, చివరికి అన్నది: "ఇది పెండ్లిపిల్లకు కుట్టింది కాదు బిడ్డా. అద్దాలు దూరం దూరం ఉన్నయి, లోపల దారం పొదుపు చేసింది. అమ్ముకోనీకి కుట్టింది. కరువుల కుట్టి ఉంటది."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. రిజిస్టర్‌లో "తెలియదు" అని ఉన్న చోట, ఒక ప్యాకింగ్ వర్కర్ రెండు నిమిషాల్లో ఇంత చెప్పింది. పేరు చెప్పలేదు, నిజమే. కానీ ఆ బట్ట ఎందుకు పుట్టిందో చెప్పింది. మేడం ఒక చిన్న చిట్టీ మీద పెన్సిల్‌తో అదంతా రాసుకుంది. రిజిస్టర్‌లో ఎక్కించరా అని అడిగాం. పైనుంచి ఆర్డర్ లేకుండా రిజిస్టర్‌లో ఒక్క ముక్క రాయడానికి లేదంది. చిట్టీని ఆ పేజీలో పెట్టి మూసింది.

అప్పటి నుంచి మేం ఆరుగురం మాట్లాడుకుంటున్నది ఆ చిట్టీ గురించే.

మ్యూజియంలో ముందు గదులు అందరూ చూస్తారు. మనం ఎవరమో తేలేది మాత్రం వెనక గదిలో, ఆ రిజిస్టర్‌లో. కార్డు మీద రాసేది రిజిస్టర్ చూసి రాస్తారు. కార్డు చూసి గైడ్ చెప్తాడు. పుస్తకాల్లో అదే ఎక్కుతుంది. పోటీ పరీక్షల గైడ్లలో గిరిజన సంస్కృతి అని మనం రాత్రంతా బట్టీ పట్టేది కూడా తిరిగి తిరిగి అక్కడికే పోతుంది. మన నానమ్మకు తెలిసిన దాన్ని మనం నాలుగు ఆప్షన్లలో వెతుక్కుంటున్నాం. కాబట్టి తప్పు దిద్దాలన్నా, ఖాళీ నింపాలన్నా వెనక తలుపు నుంచే పోవాలి.

"పాత వస్తువులకు పేర్లు దొరకవు కదా, ఎవరు రాసిపెట్టుకుంటారు" అని అడగొచ్చు. పేరు రాసిపెట్టుకున్న చోట దొరుకుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ ఉంది. అది చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని అని, దాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడని ఎవరినడిగినా చెప్తారు. ఏడు సముద్రాల అవతల చెక్కిన బొమ్మకు మనిషి పేరు, ఊరు, సంవత్సరం ఉన్నాయి. మన ఆదిలాబాద్ డోక్రా బొమ్మ అయితే "గిరిజన కళ" అని రాస్తే చాలనుకుంటారు. ఉషేగాం, కేస్లాగూడ ఓజాలు మైనం అచ్చు చేసి, మట్టి పూసి, ఇత్తడి కరిగించి పోస్తారు. అచ్చు పగలగొడితే గానీ బొమ్మ బయటికి రాదు, అందుకని ఒక బొమ్మ లాంటిది ఇంకోటి ఉండదు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరికి గుర్తింపు వచ్చింది, చేసే మనిషి పేరు కార్డు మీదికి ఇంకా రావాలి.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన పటాన్‌చెరులోనే ఉంది. ఇక్రిశాట్ ముందు నుంచి రోజూ పోతుంటాం. దాని లోపల విత్తనాల బ్యాంకు ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి, చిరుధాన్యాలు, అన్నీ కలిపి లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు చల్లటి గదుల్లో దాచారు. ప్రతి నమూనాకు ఒక నంబర్ ఉంటుంది. దాన్ని అక్సెషన్ నంబర్ అంటారు, మ్యూజియం వాళ్లు అనేదీ అదే మాట. ఆ నంబర్‌తో పాటు పాస్‌పోర్ట్ వివరాలు అని ఉంటాయి: ఏ దేశం, ఏ ఊరి దగ్గర సేకరించారు, అక్కడి వాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు వగైరా. ఎందుకంటే ఎక్కడిదో తెలియని గింజతో రేపు పని చేయడం కష్టం. పిడికెడు జొన్నలకు పాస్‌పోర్ట్ ఉన్నప్పుడు ఆర్నెల్లు కూర్చొని కుట్టిన ఫేటియాకు ఎందుకుండదు?

మందుల కంపెనీల్లో చేసేటోళ్లకు ఇంకో సంగతి తెలుసు. ఒక బ్యాచ్ తయారైతే దాని వెంట కాగితాల కట్ట నడుస్తుంది. ఏ డ్రమ్ము ఎవరు తూచారు, ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, సంతకం, తేదీ. రాయకపోతే ఆ పని చేయనట్టే లెక్క అని జాయినైన మొదటి రోజే చెప్తారు. పది గోలీల షీటు వెనక కూడా బ్యాచ్ నంబర్ ఉంటుంది.

పేరు రాసుండడం అంటే ఏందో ఈ బెల్టులో ఉన్నోళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు ఎన్నో కుటుంబాలు ఫోటోలు పట్టుకొని ఆస్పత్రుల చుట్టూ తిరిగాయి. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాలు కూడా దొరకలేదు. ఆ దుఃఖాన్నీ మ్యూజియం బట్టనూ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. కానీ మనం చేసిన పని ఉంటుంది, చేసిన మనిషి పేరు మాత్రం ఉండదు అన్న అలవాటు ఎక్కడ చూసినా ఒకటే.

ఇక వెనక గది తెరవడం కుదిరే పనేనా? లోకంలో తెరుస్తున్నారు. లండన్‌లో వీ అండ్ ఏ మ్యూజియం వాళ్లు 2025 మే నెలలో తమ స్టోర్‌నే జనానికి తెరిచారు. కావాల్సిన వస్తువు ముందే బుక్ చేసుకుంటే బయటికి తీసి దగ్గర పెట్టి చూపిస్తారు. రాటర్‌డ్యామ్‌లో 2021 నుంచే అట్లాంటి స్టోర్ ఉంది. కానీ మనకు దగ్గరి దారి చూపింది లండన్ వాళ్లు కాదు, నాగాలు. 2025 జూన్‌లో నాగా పెద్దలు, యువకులు కలిసి ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియానికి పోయారు. బ్రిటిష్ కాలంలో తీసుకుపోయిన తమ పూర్వీకుల అవశేషాలు అక్కడ ఉన్నాయి. వాటిని చూసి, ఇంటికి తెచ్చుకునే మాట అక్కడే నిలబడి చెప్పారు. సందర్శకుల్లా కాకుండా సొంత మనుషుల్లా పోయారు. మనం నేర్చుకోవాల్సింది అది.

మనకూ అట్లాంటి లెక్క ఉంది. హైమన్‌డార్ఫ్ దొర నాగాల దగ్గర పని చేసి, 1940ల్లో మన గోండుల మధ్య మార్లవాయిలో ఉన్నాడు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోటోల్లో ఉన్న ముఖాలను ఇది మా తాత అని గుర్తుపట్టగలిగేది జైనూర్, మార్లవాయి దిక్కు ముసలోళ్లే. వాళ్లు ఎన్నాళ్లుంటారు? గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఇద్దరూ పోయారు. రామచంద్రయ్య గారు చదువుకోలేదు, ఇలవేల్పుల కథలన్నీ నోటికే. ఆయన పాడినవి ఎవరో రికార్డు చేసినంత వరకే మిగిలాయి.

మ్యూజియం వాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాం. సిబ్బంది తక్కువ. రాత్రి తెరిస్తే కాపలా కావాలి. పదిమంది ఊపిరి తగిలినా పాత బట్టకు మంచిది కాదు. ఇవన్నీ నిజాలే. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి: ఆ ఫేటియా మ్యూజియంలో పడింది కాబట్టి మిగిలింది. మన ఇళ్లల్లో ఉన్నవి ఎన్ని పోలేదు? పాత కుట్టు బట్టలు ఇస్తే స్టీలు గిన్నెలు ఇస్తామని వచ్చినోళ్లకు ఇచ్చేశాం. హాస్లీలు కరిగించి ఫీజులు కట్టాం. అందుకని మేం వస్తువులు తిరిగి ఇయ్యమని అడగడం లేదు. మేం అడిగేది ఇవి:

ఒకటి, సంవత్సరానికి ఒక్క సాయంత్రమైనా, ఆరు నుంచి తొమ్మిది దాకా, వెనక గదిని మనవాళ్ల కోసం తెరవాలి. మే 18 మ్యూజియం దినం ఉంది, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ఉంది, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి ఉంది. ఏ రోజైనా సరే, డ్యూటీ దిగినోళ్లు అందుకునే టైం కావాలి. ఒకేసారి పదిమందే రావాలంటే పదిమందే వస్తాం.

రెండు, ఆ సాయంత్రం ముందు వరసలో కూర్చోవాల్సింది మనం కాదు, ముసలోళ్లు. బస్సు చార్జీలు, ఆ రోజు కూలి మ్యూజియమే ఇయ్యాలి. నిపుణుడిని పిలిస్తే ఫీజు ఇస్తారు కదా, మా యాడీ కూడా నిపుణురాలే.

మూడు, వాళ్లు చెప్పింది వాళ్ల భాషలోనే రికార్డు చేసి, తెలుగు లిపిలో రాసి, రిజిస్టర్‌కు జోడించాలి. పాత రాత కొట్టేయక్కర్లేదు. పక్కన ఒక గడి చాలు: మా భాషలో పేరు, ఎవరు వాడతారు, ఎప్పుడు వాడతారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన. చెప్పిన మనిషి పేరు తప్పనిసరి.

నాలుగు, కొన్ని వస్తువులు బొమ్మలకు తొడిగేవి కావు. దండారిలో గుస్సాడీ నెమలి ఈకల టోపీ మొక్కి ఎత్తుకొని, మొక్కి దించేది. కోయల పడిగె దేవుడి కథ. వాటిని ఎట్లా పెట్టాలో, అసలు బయట పెట్టాలో వద్దో ఆ ఇంటిపేరు వాళ్లను, ఆ గూడెం పెద్దలను అడగాలి.

ఈ పని హైదరాబాద్‌లోనే మొదలుకావాలని లేదు. మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఎట్లాగూ ఉంది, మొదటి దరఖాస్తు అక్కడికే. మన సంగారెడ్డి పక్కన కొండాపూర్‌లో కూడా మ్యూజియం ఉంది. 1940-41లో ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తవ్వించిన శాతవాహనుల కాలం నాటి నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు అక్కడున్నాయి. మన వస్తువులు అక్కడ లేకపోవచ్చు. కానీ తవ్వకంలో పూస దొరికితే ఏ గోతిలో, ఎంత లోతులో దొరికిందో రాస్తారు. ఆ రాసే పద్ధతి చూసి నేర్చుకోవడానికి మనకు దగ్గరి బడి అదే. జిల్లాలోని కాలేజీ పిల్లలకు, వర్కర్లకు అక్కడ ఒక సాయంత్రం అడిగితే తప్పేముంది?

అడగడం ఒక పని. మనం చేసుకునేది ఇంకో పని, దానికి ఎవరి ఆర్డర్ అక్కర్లేదు. మేం ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. గీతలు కొట్టి గడులు చేశాం: వస్తువు, మా భాషలో పేరు, చేసిన మనిషి, తండా లేదా గూడెం, ఎందుకు చేశారు, ఎవరు చెప్పారు, తేదీ. ఇస్నాపూర్, ముత్తంగి, బొల్లారం దిక్కు రూముల్లో ఉండే మనోళ్ల ట్రంకు పెట్టెల్లో ఏమున్నాయో ఆదివారం ఆదివారం అడిగి రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు వస్తువులు ఎక్కాయి. అన్నిటికీ చేసిన మనిషి పేరు దొరికింది, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కటి మాలో ఒకరి నానమ్మ చీపురుకట్ట ధరకు సంతలో కొన్న కాంచళి.

మీరు గోండులైనా, కోయలైనా, లంబాడీలైనా, ఎరుకలైనా, చెంచులైనా, మీ ఇంట్లో ఒక్క వస్తువుతో మొదలుపెట్టండి. ఫోటో కంటే ముందు పేరు అడగండి. మీ అమ్మనో అమ్మమ్మనో మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. దరఖాస్తు మీద సంతకాలు పెట్టేటోళ్లు మీ ఊరి పేరుతో కలిపి ఇక్కడ రాయండి, కాగితం మేం తయారు చేస్తాం.

ఆ ప్యాకింగ్‌లో చేసే అమ్మ మొన్న డ్యూటీ దిగి వస్తూ మళ్లీ అడిగింది: "ఆ మేడం చిట్టీ మీద రాసుకున్నది కదా, బుక్కుల ఎక్కిందా?"

ఇంకా ఎక్కలేదమ్మా అన్నాం. ఆ మాట ఇంకోసారి చెప్పాల్సి రావొద్దనే ఈ పోస్ట్.